మానేసిన కారణం

రిజిస్టరులో ఆఖరి గడి వెడల్పు రెండు వేళ్లు.
పేరు, తేదీ, సంతకం పోగా మిగిలిన ఆ కాస్త చోట్లో
రావడం ఎందుకు మానేశారో రాయాలి.

ఎక్కువసార్లు "దూరం" అని రాస్తాను.
పూర్తిగా అబద్ధమూ కాదు.
విజయనగరంలో గంటస్తంభం పక్క సందు,
మందుల షాపు మీద గది, పదిహేడు మెట్లు.
ఎక్కి వచ్చినవాళ్లకి
గొంతు కంటే ముందు ఆయాసం పలుకుతుంది.

అసిరినాయుడుది గజపతినగరం అవతల ఊరు.
జముకుల కథ చెబుతాడు,
ముప్పై ఏళ్లుగా, మైకున్నా లేనట్టే.
డాక్టరుగారు తీసిన ఫోటో చూపించి
ఇవిగో, రెండు పక్కలా కాయలు, అన్నాను.
అతను అరచేతులు తెరిచి నా బల్ల మీద పెట్టాడు.
"పార పట్టిన సేతికి కాయలు కాయవేటమ్మా?
కాయకపోతే ఆడు పనోడేటి?"
నేను చదివిన పుస్తకాల్లో దీనికి జవాబు లేదు.

గ్లాసులో నీళ్లు, అందులో కొబ్బరిబొండం గొట్టం.
ఊఁ అంటూ బుడగలు తేవాలి,
పొద్దున ఐదు నిమిషాలు, రాత్రి ఐదు.
వీధంతా విన్నదట.
అసిరిగాడు గొట్టం ఎట్టుకుని ఏటి తాగుతున్నాడ్రా
అని పందేలు కట్టారట.
మర్నాటి నుంచి పశువులసాలలో చేశాడు.
ఆవు మాత్రం ఏమీ అనలేదని చెప్పాడు, నవ్వకుండానే.

మూడో వారానికి గొంతు విచ్చుకుంది.
నాకు భయం అప్పుడే మొదలవుతుంది.
బాగవలేదని మానేసేవాళ్లు కొందరు,
బాగైందని మానేసేవాళ్లు బోలెడు.
"వొచ్చీసినాదమ్మా, ఇనండి!" అని
గదిలోనే పైస్థాయిలో ఎత్తుకున్నాడు.
కింద షాపు కుర్రాడు చేతిలో మందుచీటీతోనే పైకొచ్చి
గుమ్మంలో నిలబడిపోయాడు.
ఆపమనాల్సింది.
నేను ఆపలేదు.
ఆ సంగతి ఏ గడిలోనూ రాయలేదు.

తర్వాత అమ్మవారి సంబరాలొచ్చాయి.
బయానా పుచ్చుకున్నాక గొంతు మనిషిది కాదు, ఊరిది.
ఫోన్ చేస్తే ముందు దగ్గు, ఆ వెనక మాట:
"రెండు నెల్లు మూసుకోమంటారు, సరే.
జముకు వాయించే తవిటయ్య కూతురికి
కాలేజీ ఫీజు మీరు కడతారేటి?"

కోపం రాలేదు.
అంతకు ముందు ఏడు సంగీతం పిల్ల ఒకతె
మా కాగితాలు శ్రుతిపెట్టె సంచిలో దాచుకునేది.
గొంతు చెడిందని గురువుగారికి తెలిస్తే
చెడింది గొంతు ఒక్కటే అనుకోరని దాని బెంగ.
రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ అక్క పేరుతో.
దాని గడిలోనూ "దూరం" అనే రాశాను.
ఆ పిల్లది మా వెనక వీధి.

అసిరినాయుడు మానేసిన వారం
ఆ బస్సుకే సన్నెయ్య దిగాడు.
అతనిది వంత. ఇన్నాళ్లూ అసిరినాయుడికి తోడొచ్చి
మూల స్టూలు మీద కూర్చునేవాడు,
గ్లాసు లేకుండానే పెదాలు బుర్రుమనిపిస్తూ.
"ఆడు రాడమ్మా. నాకు నేర్పీయండి.
నాను ఆడికి సెప్తాను."
ఎనిమిది వారాలూ వచ్చాడు.
ఒకసారి వానలో, చెప్పులు సంచిలో పెట్టుకుని.

వైశాఖంలో నెల్లిమర్ల దగ్గర ఆట చూశాను.
కథ ఎక్కాల్సిన చోట అసిరినాయుడు దిగిపోయాడు,
పక్కింటివాడితో గుట్టు చెప్పినట్టు మాటల్లోకి.
ఆ ఎత్తు సన్నెయ్య అందుకున్నాడు.
జనం కదల్లేదు.
నా పక్కన చుట్ట కాలుస్తున్న ముసలమ్మ మాత్రం
"ఈ ఏడు వంతోడు మీద కొచ్చీసినాడే" అంది.
మెచ్చుకోలో తప్పుపట్టడమో తెలియలేదు.
అసిరినాయుడు అటు తిరిగి నీళ్లు తాగాడు.
గొట్టం లేదు. చెంబు.

జూన్‌లో ఆఫీసు నుంచి కాగితం అడిగారు.
పూర్తి చేసినవారు: ఒక్కరు.
జబ్బు: ఏమీ లేదు.
తప్పు రాశారని తిప్పి పంపారు.